ఎఫ్‌3 బ్లాక్ సీస్మిక్ సెక్షన్: డౌన్‌లాప్ తలాన్ని సీక్వెన్స్ బౌండరీగా తీసుకోవచ్చా?

సాగరశిల (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ టెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఉత్తర సముద్రంలో నెదర్లాండ్స్ వాటాకు చెందిన ఎఫ్‌3 బ్లాక్ త్రీడీ సీస్మిక్ డేటాను తీసుకున్నాను. 1987లో సేకరించిన ఈ డేటా ఉచితంగా దొరుకుతుంది కనుక, ఇక్కడి సభ్యుల్లో చాలామంది దీనిని ఓపెన్‌డీటెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడో ఒకసారి తెరిచే ఉంటారు. ఒకప్పుడు బాల్టిక్ ప్రాంతం నుంచి ప్రవహించిన ఎరిడనోస్ అనే మహానది ప్లయోసీన్, ప్లీస్టోసీన్ కాలాల్లో ఇక్కడ కట్టిన డెల్టాయే నా అధ్యయన విషయం.

ఇన్‌లైన్ సెక్షన్‌లో (సర్వే గీత వెంబడి భూగర్భపు నిలువు చిత్రంలో) సుమారు 600 నుంచి 1000 మిల్లీసెకన్ల (తరంగం రానుపోను కాలం) మధ్య వాలు పొరలు, అంటే క్లైనోఫారమ్‌లు, పడమటి దిక్కుగా ఒకదాని మీద ఒకటి పెంకుటింటి కప్పు మీది పెంకుల్లా వాలి ఉన్నాయి. అన్నిటికన్నా కిందివాటి పాదాలు మధ్య మయోసీన్ అన్‌కన్ఫార్మిటీగా (పొరల నడుమ కాలవిరామాన్ని చూపే తలంగా) ప్రచురిత పత్రాలు గుర్తించిన బలమైన రిఫ్లెక్టర్ (తరంగాలను ప్రతిఫలించే హద్దు) మీద ఆగిపోతున్నాయి. ఆ వరుసకు మధ్యలో మరో రిఫ్లెక్టర్ కూడా ఉంది. దాని మీద పై పొరల పాదాలు స్పష్టంగా డౌన్‌లాప్ అవుతున్నాయి, అంటే వాలుతూ వచ్చి దాని మీద ముగుస్తున్నాయి. అది సెక్షన్ పొడవునా తెగకుండా సాగుతోంది, యాంప్లిట్యూడ్ కూడా బాగా ఉంది. తూర్పున షెల్ఫ్ (ఒడ్డు దగ్గరి లోతు తక్కువ సముద్రభాగం) వైపు, దానికి కొంచెం దిగువన, కొన్ని క్లైనోఫారమ్‌ల తలలు తెగినట్టుగా కనిపించే మరొక తలం ఉంది. కానీ అది మసకగా ఉండి, పడమటికి వెళ్లేకొద్దీ చుట్టుపక్కల రిఫ్లెక్టర్లకు సమాంతరమై వాటిలో కలిసిపోతోంది.

బాగా కనిపించే డౌన్‌లాప్ తలాన్నే సీక్వెన్స్ బౌండరీగా (ఒక పొరల వరుసకు హద్దుగా) గీయాలా, లేక మసకగా ఉన్న ఆ రెండో తలాన్ని తీసుకోవాలా? తెగినట్టున్న ఆ తలలు టాప్‌లాప్‌కు (కోత లేకుండానే పొరల పైకొనలు పలచబడి ముగియడానికి) చెందినవో, నిజమైన కోతకు చెందినవో ఎలా తేల్చుకోవాలి? కోతేనని తేలితే, సాక్ష్యం ఏదీ మిగలని లోతట్టు భాగంలోకి ఆ గీతను ఏ ఆధారంతో తీసుకువెళ్లాలి? దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతపొరలు:

సాగరశిల గారూ, రిఫ్లెక్టర్ ఎంత బలంగా ఉంది, ఎంత దూరం తెగకుండా సాగింది అన్నవి సీక్వెన్స్ బౌండరీకి సాక్ష్యాలు కావు. యాంప్లిట్యూడ్ అనేది పై పొరకూ కింది పొరకూ మధ్య ధ్వని నిరోధంలో ఉన్న తేడాను మాత్రమే చెబుతుంది. బౌండరీని నిర్ణయించేది పొరలు ఆ తలం దగ్గర ఏ తీరుగా ముగుస్తున్నాయన్నదే. ఈ కొలబద్దతో చూస్తే మీరు చెప్పిన మసక తలమే బౌండరీ అయ్యే అవకాశం ఎక్కువ.

డౌన్‌లాప్ తలం సాధారణంగా సీక్వెన్స్ లోపల ఉండే తలం. సముద్రం భూమి మీదికి బాగా చొచ్చుకువచ్చిన కాలంలో నది తెచ్చే ఒండ్రు ఒడ్డు దగ్గరే నిలిచిపోతుంది. లోతు నీటిలోకి చేరే బురద చాలా తక్కువ. అలా ఎంతోకాలం పలచటి పొర మాత్రమే పేరుకున్న అడుగు మీదికి, తరువాత డెల్టా ముందుకు సాగి వచ్చినప్పుడు, దాని వాలు పొరల పాదాలు ఆగుతాయి. కనుక మీ మధ్య రిఫ్లెక్టర్ గరిష్ఠ ముంపు తలం, అంటే మనం ఎంఎఫ్‌ఎస్ అని పిలిచేది, అయి ఉండవచ్చు. డెల్టా లోబ్ ఒకవైపు నుంచి మరోవైపుకు మారినప్పుడు కూడా స్థానికంగా ఇలాంటి డౌన్‌లాప్ ఏర్పడుతుంది కనుక, ఈ పేరు కూడా బ్లాక్ మొత్తం మీద పరిశీలించాకే పెట్టాలి. పేరులో అన్‌కన్ఫార్మిటీ అని ఉన్నా, అట్టడుగున మీరు చూసిన మధ్య మయోసీన్ తలం సైతం ఈ బ్లాక్‌లో చాలామేరకు డౌన్‌లాప్ తలంగానే ప్రవర్తిస్తుంది. పేరును బట్టి సాక్ష్యాన్ని చదవకూడదనడానికి మీ డేటాలోనే ఉన్న ఉదాహరణ అది.

స్లాస్ 1963లో ఉత్తర అమెరికా ఖండపు పొరలను అన్‌కన్ఫార్మిటీల ఆధారంగా పెద్ద సీక్వెన్సులుగా విభజించారు. ఆ ఆలోచనను వెయిల్, మిచమ్, వారి సహచరులు సీస్మిక్ సెక్షన్లకు అన్వయించి 1977లో ఏఏపీజీ (అమెరికా పెట్రోలియం భూవిజ్ఞానుల సంఘం) 26వ మెమోయిర్‌లో ప్రకటించారు. వారి నిర్వచనం ప్రకారం సీక్వెన్స్ అంటే పైనా కిందా అన్‌కన్ఫార్మిటీలు గానీ, వాటికి సరితూగే అవిచ్ఛిన్న తలాలు గానీ హద్దులుగా ఉండి, లోపల ఒకదానితో ఒకటి పుట్టుక సంబంధం కలిగిన పొరల వరుస. కాబట్టి మీరు వెతకవలసింది కింది వైపు కోతను, పై వైపు ఆన్‌లాప్‌ను, అంటే పై పొరలు వాలు తలానికి ఆనుకుని ఒక్కొక్కటిగా ముగియడాన్ని. ఈ రెండూ ఒకే తలం మీద దొరికితే వాదన సగం ముగిసినట్టే. వీటికి తోడు, ఒడ్డుకు దగ్గరగా జరిగే ఆన్‌లాప్ అంతకుముందు ఎక్కడ దాకా వచ్చిందో అక్కడి నుంచి ఒక్కసారిగా లోతు వైపుకు, దిగువకు దిగజారినట్టు కనిపిస్తే, సముద్రమట్టం సాపేక్షంగా పడిపోయిందనడానికి అది మంచి గుర్తు.

ఇక టాప్‌లాప్, కోతల తేడా. ఏదైనా ఒక క్లైనోఫారమ్‌ను పాదం నుంచి పైకి అనుసరించండి. టాప్‌లాప్ అయితే పైకి వెళ్లేకొద్దీ వాలు క్రమంగా తగ్గి, పొర పలచబడుతూ పై తలానికి దాదాపు సమాంతరమై అందులో కలుస్తుంది. కోత అయితే వాలు తగ్గకుండానే, పొర పూర్తి మందంతో ఉండగానే, అడ్డంగా కోసినట్టు ముగుస్తుంది. పక్క సెక్షన్లకు వెళితే ఆ తలం అక్కడక్కడ కాలువల ఆకారంలో కిందికి దిగి ఉండటం కూడా చూడవచ్చు. త్రీడీ డేటా చేతిలో ఉంది కనుక ఆ తలాన్ని హొరైజన్‌గా పిక్ చేసి (సెక్షన్ తరువాత సెక్షన్‌లో గుర్తించి గీసి), దానికి కొన్ని మిల్లీసెకన్ల దిగువన యాంప్లిట్యూడ్ మ్యాప్ తీయండి. తెగిన క్లైనోఫారమ్‌లు ఒడ్డుకు సమాంతరమైన చారలుగా కనిపిస్తాయి. వాటిని అడ్డంగా కోసే మెలికల కాలువలు కనబడితే కోతకు వేరే సాక్ష్యం దొరికినట్టే.

అయితే కంటికి కనిపించే ముగింపులన్నీ నిజమైన ముగింపులు కావు. అక్కడి పొరల్లో వేగం సెకనుకు 2000 మీటర్లు, సిగ్నల్ ప్రధాన పౌనఃపున్యం 40 హెర్ట్జ్ అనుకుందాం. తరంగదైర్ఘ్యం 50 మీటర్లు అవుతుంది, అందులో నాలుగో వంతు 12.5 మీటర్లు. రానుపోను కాలంలో చెప్పాలంటే అది 12.5 మిల్లీసెకన్లు, అంటే 4 మిల్లీసెకన్ల నమూనాలలో మూడు మాత్రమే. అంతకంటే పలచబడిన పొర పైహద్దు, కిందిహద్దు సెక్షన్ మీద విడివిడిగా తెలియవు. షెల్ఫ్ మీద పది మీటర్ల టాప్‌సెట్ పొరలు (డెల్టా పైభాగపు దాదాపు చదునైన పొరలు) నిక్షేపంగా ఉన్నా సెక్షన్ వాటిని టాప్‌లాప్‌గా చూపిస్తుంది. పాదం దగ్గర పలచటి బురదగా ఇంకా ఎంతో దూరం సాగిన పొరను డౌన్‌లాప్‌గా చూపిస్తుంది. అందుకే ముగింపు గుర్తులు పెట్టేటప్పుడు, ఆ చోట పొర మందం ఈ పరిమితికి దగ్గరగా ఉందా లేదా అన్నది పక్కనే రాసుకోవడం మంచిది. మీ స్పెక్ట్రమ్‌లో నిజంగా ఎంత పౌనఃపున్యం ఉందో ఆ కాలవ్యవధిలోనే కొలిచి, నా ఉజ్జాయింపు అంకెల స్థానంలో వాటిని వేసుకోండి.

మీ మూడో ప్రశ్నే అన్నిటికంటే చిక్కైనది, పండితులకే ఏకాభిప్రాయం లేనిది. షెల్ఫ్ మీద కోత తలం ఒక్కటే. లోతట్టులో మాత్రం దానికి సరితూగే తలాన్ని సముద్రమట్టం పడిపోవడం మొదలైన క్షణానికి కట్టాలా, పడిపోవడం పూర్తయిన క్షణానికి కట్టాలా అన్నదానిపై రెండు మార్గాలున్నాయి. 1988లో పోసమెంటియర్, వెయిల్ తదితరులు ప్రతిపాదించిన నమూనా మొదటిదానికి దగ్గరగా ఉంటుంది. 1992లో హంట్, టకర్ రెండోదానిని సమర్థించారు. ఈ రెండు గీతల మధ్య మిగిలేది మట్టం పడిపోతున్న కాలంలోనే పేరుకున్న పొరల కట్ట. మీ బ్లాక్‌లో అది ఎంత మందంగా ఉందో తెలియాలంటే ముందుగా ప్రతి క్లైనోఫారమ్‌లో పైభాగం వాలులోకి తిరిగే మలుపును గుర్తించి, ఆ మలుపులన్నిటినీ కలిపి షెల్ఫ్ అంచు నడిచిన దారిని గీయండి. ఆ దారి పడమటికి పోతూ పైకి ఎక్కుతున్నంతకాలం మట్టం పెరుగుతోందని, కిందికి దిగుతున్న చోట మట్టం పడిపోతోందని భావించవచ్చు. తలలు తెగిన క్లైనోఫారమ్‌లలో అన్నిటికన్నా చిన్న వయసుదాన్ని పట్టుకుని, దాని పై తలాన్ని వాలు వెంబడి పాదం దాకా దించండి. నేనైతే బౌండరీని ఆ దారినే లోతట్టులోకి తీసుకువెళతాను. కారణం సిద్ధాంతం కాదు, సౌలభ్యం: ఆ రిఫ్లెక్టర్‌ను సెక్షన్ మీద వేలు పెట్టి చూపించగలం. మట్టం పడిపోవడం మొదలైన క్షణానికి సంబంధించిన తలాన్ని అలా చూపించడం చాలాసార్లు సాధ్యం కాదు.

ఆటోట్రాకర్‌ను (రిఫ్లెక్టర్‌ను తనంతట తానే గీసుకుపోయే సాఫ్ట్‌వేర్ సాధనాన్ని) ఈ పనికి వాడకండి. అది ఒకే ఫేజ్‌ను వెంబడిస్తుంది కనుక, పొర ముగిసిన చోట ఆగకుండా పక్క పొర మీదికి దూకి, మీరు వెతుకుతున్న సాక్ష్యాన్నే చెరిపేస్తుంది.

మట్టిగీత:

పాతపొరలు గారు చెప్పినదాంట్లో అధికభాగంతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం. విద్యార్థులు సెక్షన్ తెరవగానే సీక్వెన్స్ బౌండరీ, లోస్టాండ్, హైస్టాండ్ (సముద్రమట్టం తక్కువగా, ఎక్కువగా ఉన్న కాలాల పొరలు) అంటూ రంగులు వేయడం మొదలుపెడతారు. వాటికి ముందు మరో దశ ఉండాలని నా అభిప్రాయం. ప్రతి తలానికీ కనిపించిన గుణాన్ని మాత్రమే పేరుగా పెట్టండి: కోత తలం, డౌన్‌లాప్ తలం, ఆన్‌లాప్ తలం. వ్యాఖ్యానం ఆ తరువాత.

ఇలా చెప్పడానికి కారణముంది. సీక్వెన్స్‌కు హద్దు ఏదన్నదే నమూనాను బట్టి మారుతుంది. గాలోవే 1989లో గరిష్ఠ ముంపు తలాలనే హద్దులుగా తీసుకుని తన విభజనను ప్రతిపాదించారు. సాగరశిల గారి డౌన్‌లాప్ తలం నిజంగా ఎంఎఫ్‌ఎస్ అయితే, ఆ పద్ధతిలో అదే హద్దు అవుతుంది. పైగా మసక కోత తలం కంటే దానిని బ్లాక్ అంతటా మ్యాప్ చేయడం తేలిక. ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో మొదటి పేజీలోనే రాసి, చివరిదాకా దానికే కట్టుబడితే ఎవరూ తప్పుపట్టలేరు. ఒక సెక్షన్‌లో ఒక పద్ధతి, పక్క సెక్షన్‌లో మరొకటి వాడితేనే గొడవ. తలాల గుణాలను విడిగా నమోదు చేసుకున్నవారు రేపు పద్ధతి మార్చుకోవలసి వచ్చినా పిక్‌లను మళ్లీ చేయనక్కరలేదు.

పాతపొరలు:

మట్టిగీత గారి సూచన సబబైనదే. గాలోవే పద్ధతి పట్ల నాకున్న సంకోచం ఒక్కటి: ముంపు తలాన్నే హద్దుగా తీసుకుంటే, ఇసుక లోతట్టుకు ఎప్పుడు ఎందుకు వెళ్లిందో చెప్పే కోత తలం సీక్వెన్స్ నడిమధ్యలో పడిపోతుంది. రిజర్వాయర్ వెతికేవారికి ఆ తలమే ముఖ్యం. పద్ధతిని ఎంచుకునేటప్పుడు ప్రాజెక్టు ఉద్దేశాన్ని కూడా చూసుకోవాలి.

సాగరశిల:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టు క్రాస్‌లైన్లు (ఇన్‌లైన్లకు అడ్డంగా ఉండే సెక్షన్లు) కూడా తెరిచి చూశాను. మసక తలం మీద పై పొరల ఆన్‌లాప్ రెండు చోట్ల బాగా కనిపిస్తోంది. వాటిలో ఒకటి లోతున ఉన్న ఉప్పు గుమ్మటానికి సరిగ్గా పైన ఉంది. రెండోది దానికి దూరంగా, షెల్ఫ్ అంచు దిగువన వాలు మీద ఉంది. ఈ రెండింటికీ సమానమైన విలువ ఇవ్వవచ్చా?

ఇంకొక విషయం. ప్రాజెక్టు ముగిశాక కృష్ణా-గోదావరి బేసిన్ డేటా మీద పనిచేసే అవకాశం రావచ్చు. అక్కడ ఇదే పద్ధతి యథాతథంగా పనికొస్తుందా?

కోనసీమ:

మొదటి ప్రశ్నకు జవాబు: ఇవ్వకూడదు. ఎఫ్‌3 కింద ఉన్న జెక్‌స్టైన్ ఉప్పు కదులుతూ పై పొరలను ఎత్తినప్పుడు, ఎత్తు పెరుగుతున్న గుమ్మటం పార్శ్వాల మీద పొరలు ఆన్‌లాప్ అవుతాయి, శిఖరం మీద పలచబడతాయి, ఒక్కోసారి తెగుతాయి కూడా. దానికి సముద్రమట్టంతో పనిలేదు. అలాంటి ముగింపులు గుమ్మటం చుట్టూ వలయంగా ఉండి, దూరం పోయేకొద్దీ మాయమవుతాయి. షెల్ఫ్ అంచు దిగువన దొరికిన ఆన్‌లాప్‌ను మాత్రం ఒడ్డుకు సమాంతరంగా ఎంత దూరం తీసుకుపోగలరో చూడండి. అది బ్లాక్ పొడవునా నిలిస్తే దాని మీదే ఆధారపడండి.

మన బేసిన్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కృష్ణా-గోదావరిలో ముగింపులను అనుకరించే తలాలు చాలా ఉన్నాయి.

అన్నిటికంటే ముందు చెప్పవలసినవి గ్రోత్ ఫాల్టులు. మత్స్యపురి-పాలకొల్లు ఫాల్ట్ నుంచి సముద్రం వైపుకు టెర్షియరీ పొరలు బాగా మందమవుతాయి. పొరలు పేరుకుంటూ ఉండగానే ఫాల్ట్ కదలడం దీనికి కారణం. ఇలాంటి ఫాల్ట్ తలం పైన నిటారుగా మొదలై లోతుకు వెళ్లేకొద్దీ వంపు తిరిగి దాదాపు అడ్డంగా పడుకుంటుంది. దాని మీద జారిన పొరలు వెనక్కు ఒరిగి, ఆ పడుకున్న తలం మీద ఒక్కొక్కటిగా ముగుస్తాయి. సెక్షన్ మీద అది అచ్చం డౌన్‌లాప్‌లా కనిపిస్తుంది. తేడా వాలు దిక్కులో ఉంది. డెల్టా ముందుకు నడిచి కట్టిన పొరలు సముద్రం వైపుకు వాలుతాయి. గ్రోత్ ఫాల్ట్ మీద జారిన పొరలు భూమి వైపుకు, అంటే ఫాల్ట్ వైపుకు వాలి, దానిని సమీపించేకొద్దీ మందమవుతాయి. అదే పొరను ఫాల్ట్‌కు అవతల గుర్తుపట్టి రెండు వైపులా మందాన్ని పోల్చితే సందేహం తీరుతుంది. అవతల పొరను గుర్తుపట్టడానికి బావి ఆధారం లేకపోతే, సీక్వెన్స్ పేర్లను ఫాల్ట్ దాటించకుండా ఆపడమే నిజాయతీ.

లోతు సముద్ర భాగంలో మరో మాయ ఉంది. సముద్రపు అడుగుకు వంద, రెండు వందల మీటర్ల దిగువన, అడుగు ఆకారాన్నే అనుసరిస్తూ పోయే బలమైన రిఫ్లెక్టర్ ఒకటి కనిపిస్తుంది. దానినే బీఎస్‌ఆర్ (బాటమ్ సిమ్యులేటింగ్ రిఫ్లెక్టర్) అంటారు. వాలుగా ఉన్న పొరలను అది అడ్డంగా దాటుతుంది కనుక, కొత్తవారు చూడగానే కోత తలమని పొరబడే ప్రమాదం ఉంది. నిజానికి అది పొరల హద్దు కాదు. పైన గ్యాస్ హైడ్రేట్ (గ్యాస్‌ను బంధించిన మంచులాంటి పదార్థం) నిలకడగా ఉండగలిగే మండలానికీ, కింద విడి గ్యాస్ ఉన్న భాగానికీ మధ్య ఉష్ణోగ్రత, పీడనాలు నిర్ణయించే సరిహద్దు. ఈ బేసిన్‌లో హైడ్రేట్ ఉన్నదని 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమపు మొదటి యాత్రలో జాయిడెస్ రిజల్యూషన్ నౌక తవ్విన బావులు రుజువు చేశాయి. బీఎస్‌ఆర్‌ను పట్టుకోవడానికి పొలారిటీ (తరంగం ధన, ఋణ దిశ) చూడాలి: సముద్రపు అడుగు రిఫ్లెక్షన్‌కు అది తలకిందులుగా ఉంటుంది. దాని కింది పొర దానిని దాటి పైకి కూడా అదే వాలుతో కొనసాగుతుంది. కోత తలమైతే అలా కొనసాగదు.

నేల మీది భాగంలో రాజోలు బసాల్టు పొరల సంగతి. రాజమండ్రి దగ్గర పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో బయటికి కనిపించే లావా పొరలకు ఇవి భూగర్భంలోని కొనసాగింపు. క్రిటేషియస్ చివర, పాలియోసీన్ మొదలు కాలానికి చెందినవి. బసాల్టులో వేగం సెకనుకు 5000 మీటర్లు, సాంద్రత 2.7 అని, దాని మీది అవక్షేపంలో వేగం 2800, సాంద్రత 2.3 అని అనుకుంటే పరావర్తన గుణకం 0.35 దాకా వస్తుంది. మామూలు ఇసుకరాయి, షేల్ హద్దుల దగ్గర 0.1 దాటడమే అరుదు. కనుక సెక్షన్‌లో బసాల్టు పైభాగం అన్నిటికంటే ప్రకాశంగా వెలుగుతుంది, దాని కిందికి శక్తి సరిగా దిగదు, పైపెచ్చు మల్టిపుల్స్ (హద్దుల మధ్య పలుమార్లు ప్రతిఫలించిన తరంగాలు) వచ్చి కింది పొరల అసలు వాలును కప్పేస్తాయి. వాటిని అసలు పొరలనుకుంటే, బసాల్టు కింద లేని కోణాలు, లేని అన్‌కన్ఫార్మిటీలు పుట్టుకొస్తాయి. క్వారీ దగ్గరికి వెళ్లగలిగితే వెళ్లండి. కింది లావాకూ పై లావాకూ మధ్య ఇమిడి ఉన్న సున్నపురాతి, బంకమన్ను పొరల్లో శిలాజాలు ఉంటాయి. లావా ప్రవాహాల మధ్య పొరలు పేరుకునేంత విరామం ఉండిందని అవి చెబుతున్నాయి. సెక్షన్‌లో ఆ విరామానికి విడిగా రిఫ్లెక్టర్ దొరకదు; లావాలూ వాటి నడిమి పొరలూ కలిసి ఒకే గుంపుగా కనిపిస్తాయి.

పాతపొరలు:

కోనసీమ గారు చెప్పినవి బయట అంత తేలికగా దొరకని విషయాలు. బావుల గురించి ఒక మాట చేర్చి ముగిస్తాను. ఎఫ్‌3లో మీకు నాలుగు బావుల లాగ్‌లు అందుబాటులో ఉన్నాయి. మసక తలం బావిని తాకే లోతు దగ్గర గామా లాగ్ (రాతి సహజ రేడియోధార్మికత నమోదు; బురదలో ఎక్కువ, ఇసుకలో తక్కువ) చూడండి. షెల్ఫ్ మీది బావిలో బురద నుంచి ముతక ఇసుకకు మార్పు క్రమంగా కాకుండా ఒక్కసారిగా, గామా విలువ హఠాత్తుగా తగ్గడంతో వస్తే, అది కోత వాదనను బలపరుస్తుంది. డౌన్‌లాప్ తలం దగ్గర, ఎంఎఫ్‌ఎస్ అయిన పక్షంలో, చుట్టుపక్కల కంటే గామా ఎక్కువగా ఉండాలని ఆశించవచ్చు. అయితే కాలం నుంచి లోతుకు మార్చేటప్పుడు పది మిల్లీసెకన్ల తేడా వస్తే, పై లెక్క ప్రకారమే పది మీటర్లు జరిగినట్టు. అందువల్ల సింథటిక్ సీస్మోగ్రామ్ (బావి లాగ్‌ల నుంచి లెక్కించిన సీస్మిక్ రేఖ) సరిగా కుదిరిన బావిని మాత్రమే సాక్షిగా తీసుకోండి.

వయసులను మాత్రం ఆఖరున చేర్చండి. హక్, హార్డెన్‌బోల్, వెయిల్ 1987లో ప్రచురించిన సముద్రమట్టాల పట్టికలో మీ కాలానికి తగిన ఒక పతనం ఎప్పుడూ దొరుకుతుంది. ముందే దాన్ని పక్కన పెట్టుకుని తలాలను గీస్తే, పట్టికను సెక్షన్‌తోనూ, సెక్షన్‌ను పట్టికతోనూ రుజువు చేసినట్టవుతుంది. ముగింపుల గుర్తులు, తలాల గుణాలు, లూపులు సరిగ్గా మూసుకున్నాయా (సెక్షన్ల గుండా తిరిగి మొదటి చోటికి వస్తే అదే తలం దొరుకుతోందా) అన్న పరీక్ష, ఆ పైన బావి శిలాజాల వయసులు, అంతా అయ్యాకే పట్టిక. మీ బ్లాక్‌కు తూర్పు అంచున ఆ కోత ఎంత దూరం కొనసాగుతుందో గీసిన మ్యాప్ సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి, షెల్ఫ్ అంచు దారితో పోల్చి చూద్దాం.